అబ్బా చేతిలోని తాళంచెవి

బాల్యపు బలహీనత, యౌవనపు బలం, వృద్ధాప్యపు బలహీనత. ఈ మూడు మజిలీలను దివ్య ఖుర్ఆన్ (అర్రూమ్ సూరా, 54వ ఆయతు) ఒకే వరుసలో పేర్కొంది. మొదటి రెండింటిని మనం ఇట్టే ఒప్పుకుంటాం. మూడోది మాత్రం పక్కింటివారికి వచ్చేదే తప్ప మన గుమ్మం తొక్కదని అనుకుంటాం. మా ఇంట్లోనూ అలాగే అనుకున్నాం, ఆ సాయంత్రం వరకు.

మాది గజ్వేల్. మా అబ్బా ముప్పై ఏళ్లకు పైగా లారీ నడిపిన మనిషి. నాగపూర్ దాకా, ఆ పైన కూడా వెళ్లొచ్చేవారు. లారీ మానేశాక ఒక పాత మారుతీ కారు కొనుక్కున్నారు. ఫజ్ర్ నమాజుకు మసీదుకు, అమ్మీని ఆసుపత్రికి, పెళ్లిళ్లకు, జనాజాలకు, అన్నింటికీ అదే. ఆయనకు డెబ్భై అయిదు నిండిన ఏడాది ఒక మగ్రిబ్ వేళ ప్రజ్ఞాపూర్ చౌరస్తా దగ్గర మలుపు తిప్పుతుండగా, సైకిలు మీద వస్తున్న ఒక బడిపిల్ల ఆయనకు కనిపించలేదు. కారు అద్దం సైకిల్ హ్యాండిల్‌కు తగిలింది. పిల్ల కింద పడింది. మోకాలు చీరుకుపోయింది. అంతే. అల్లాహ్ దయ వల్ల అంతకు మించి ఏమీ కాలేదు. వెనక కరీంనగర్ వైపు నుంచి వస్తున్న లారీ ఆగింది కాబట్టి ఏమీ కాలేదు.

ఆ పిల్ల తండ్రి వచ్చాడు. కోపంగానే వచ్చాడు. అబ్బా తెల్లగడ్డం చూసి మెత్తబడ్డాడు. "పెద్దాయన కదా, పోనీయండి" అన్నాడు. ఆ మాట మాకు ఎంతో ఊరటనిచ్చింది. రాత్రి పడుకున్నాక అదే మాట ముల్లులా గుచ్చుకోవడం మొదలైంది. పెద్దాయన కాబట్టి వదిలేయాలా, పెద్దాయన కాబట్టే వదిలేయకూడదా?

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అంతకు నాలుగేళ్ల క్రితం అబ్బా లైసెన్సు రెన్యువల్ ఫారం నింపింది నేనే. శారీరక ఆరోగ్యం గురించి దరఖాస్తుదారు స్వయంగా ప్రకటించే ఫారం 1లో ఒక ప్రశ్న ఉంటుంది. మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి, అవసరమైతే కళ్లద్దాలతో, మోటారు కారు నెంబరు ప్లేటును పోల్చుకోగలరా అని. నెట్ సెంటర్లో కూర్చుని, అబ్బాను ఒక్క మాట కూడా అడగకుండా "అవును" అని పెట్టాను. నలభై దాటినవారికి డాక్టరు ధ్రువపత్రం కూడా కావాలి. అదీ తెచ్చాం. ఆ డాక్టరుగారు తలెత్తి అబ్బా ముఖం చూసినట్టు కూడా నాకు గుర్తులేదు. సంతకం మాత్రం చక్కగా ఉంది.

ఇది చిన్న విషయమా? దైవప్రవక్త (స) ఘోరపాపాల గురించి చెబుతూ అల్లాహ్‌కు సాటి కల్పించడాన్ని, తల్లిదండ్రులకు అవిధేయత చూపడాన్ని పేర్కొన్నారు. అప్పటిదాకా ఆనుకుని కూర్చున్నవారు లేచి నిటారుగా కూర్చుని అబద్ధపు సాక్ష్యం గురించి పదేపదే హెచ్చరించారు. ఇక చాలిస్తే బాగుండునని సహాబాలకు అనిపించేంతగా ఆ మాటను మళ్లీ మళ్లీ అన్నారు. బుఖారీలో ఉన్న ఈ హదీసును చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో. తల్లిదండ్రుల అవిధేయత, అబద్ధపు సాక్ష్యం ఒకే హదీసులో పక్కపక్కనే ఉన్నాయన్న సంగతి ఆ రాత్రి దాకా నా బుర్రకు తట్టలేదు. మొదటిదాన్ని తప్పించుకోబోయి రెండోదానిలో పడ్డవాణ్ణి నేను. అబ్బా మనసు నొప్పించకూడదని 25 మీటర్ల గురించి అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో ఎవరో కన్నవాళ్ల బిడ్డ మోకాలికి తగిలింది.

కన్నవారికి వ్యతిరేకంగానైనా సరే న్యాయం పక్షాన సాక్ష్యం చెప్పమని అన్నిసా సూరా (135వ ఆయతు) ఆదేశిస్తోంది. వారితో విసుగ్గా చిన్న మాట కూడా అనవద్దని బనీ ఇస్రాయీల్ సూరా (23వ ఆయతు) ఆదేశిస్తోంది. ఈ రెండు ఆయతులకు మధ్య వైరుధ్యం లేదు. మొదటిది ఏం చెప్పాలో నేర్పుతుంది, రెండోది ఎలా చెప్పాలో నేర్పుతుంది. మనం చాలామందిమి రెండోదాన్ని అడ్డం పెట్టుకుని మొదటిదాన్ని ఎగ్గొడుతున్నాం.

సరే, చట్టం ఏమంటోంది? మన దేశంలో సొంత బండి నడపడానికి గరిష్ఠ వయసంటూ లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, లైసెన్సు తీసుకునేనాటికి లేదా రెన్యువల్ నాటికి 55 నిండినవారికి అది అయిదేళ్లకే చెల్లుతుంది. గడువు దాటి ఏడాదికి పైగా ఊరుకుంటే తప్ప రెన్యువల్‌కు డ్రైవింగ్ పరీక్ష ఉండదు. అదే చట్టంలో 16వ సెక్షన్ ఒకటుంది. జబ్బు వల్లనో అంగవైకల్యం వల్లనో ఒక మనిషి బండి నడపలేని స్థితిలో ఉన్నాడని నమ్మడానికి తగిన కారణాలు కనిపిస్తే, లైసెన్సు ఇచ్చే అధికారి ఎప్పుడైనా దాన్ని రద్దు చేయవచ్చు, లేదా వైద్య ధ్రువపత్రం తెమ్మనవచ్చు. అంటే దారి ఉంది. కానీ సిద్దిపేటలో కుర్చీలో కూర్చున్న అధికారికి మా అబ్బా కంటిచూపు సంగతి ఎలా తెలుస్తుంది? తెలిసినవాళ్లం మేము. మేం నోరు మెదపలేదు.

జీతానికి బండి నడిపేవారి విషయంలో ప్రభుత్వం కాస్త గట్టిగానే ఉంది. ఆర్టీసీలో పదవీ విరమణ వయసును 2019 డిసెంబరులో 58 నుంచి 60కి పెంచారు, అక్కడితో ఆపారు. అరవై దాటినవారిని బడి బస్సు నడపనివ్వరు. పిల్లలను తీసుకెళ్లే బస్సుకు వయసు కావాలి గానీ, పిల్లలు నడిచే రోడ్డు మీద తిరిగే కారుకు అక్కర్లేదన్నమాట!

ఇతర దేశాల వారు ఈ విషయంలో మనకంటే ముందే దెబ్బలు తిన్నారు. 2019 ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్ల ఒక పెద్దమనిషి బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కాడు. ఒక తల్లి, ఆమె మూడేళ్ల కూతురు చనిపోయారు. కోర్టులో విచారణ సాగినంతకాలం ఆయన తప్పు కారుదేనన్నాడు. 2021 సెప్టెంబరులో అయిదేళ్ల జైలు పడింది. ఆయన అబద్ధమాడాడని నేను అనుకోను. బ్రేకే తొక్కానని మనస్ఫూర్తిగా నమ్మి ఉంటాడు. భయపెట్టే సంగతి అదే. శక్తి తగ్గినప్పుడు, తగ్గిందని తెలుసుకునే శక్తి కూడా దానితోపాటే తగ్గుతుంది. జపానులో 75 దాటినవారికి రెన్యువల్ సమయంలో జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి పరీక్షిస్తారు. కొన్ని రకాల ట్రాఫిక్ ఉల్లంఘనలు చేసి ఉంటే, 2022 మే నుంచి బండి నడిపి చూపించడం కూడా తప్పనిసరి చేశారు. బ్రిటన్‌లో 70 ఏళ్ల నుంచి మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఎలిజబెత్ రాణి భర్త ఫిలిప్ 97 ఏళ్ల వయసులో, 2019 జనవరిలో కారు ప్రమాదానికి గురయ్యారు. కళ్లలోకి పడ్డ ఎండ వల్ల అవతలి కారు కనిపించలేదని, క్షమించమని గాయపడిన మహిళకు ఉత్తరం రాశారు. మరుసటి నెలలో తనంతట తానే లైసెన్సు అప్పగించేశారు. అంతటివారికీ ఎండ కళ్లలోనే పడుతుంది.

ఇక మన ఫిఖ్హ్ చెప్పేదేమిటి? హనఫీ ధర్మవేత్తలు కారు పుట్టకముందే రోడ్డు గురించి స్పష్టంగా చెప్పారు. ప్రజల దారిలో నడిచే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది, కానీ ఇతరులకు హాని కలగకూడదన్న షరతు మీద. ఉస్మానియా ఖిలాఫత్ కాలంలో 1869 - 1876 మధ్య కూర్చిన 'మజల్లా'లో ఇది 926వ నిబంధన. అంటే రోడ్డు మీది హక్కు ఇంటి మీది హక్కు లాంటిది కాదు. షరతు పోతే హక్కు పోతుంది. జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1993లో బ్రూనైలో సమావేశమైనప్పుడు వాహన ప్రమాదాల మీద ఒక తీర్మానం చేసింది. తప్పించడానికి వీల్లేని విపత్తు వచ్చిపడితేనో, తప్పు అవతలివారిదైతేనో తప్ప, బండి వల్ల జరిగే నష్టానికి నడిపేవాడే బాధ్యుడని అందులో ఉంది. షరీఅత్‌కు విరుద్ధం కాని ట్రాఫిక్ నియమాలను పాటించడం ధార్మిక విధి అని కూడా ఉంది.

కావాలని కాక పొరపాటున ఒక ప్రాణం పోయినా సరే, అన్నిసా సూరా 92వ ఆయతు రక్తపరిహారాన్ని, పరిహార విధిని నిర్ణయించింది. బానిసను విముక్తుణ్ణి చేసే స్థోమత లేనివారు వరుసగా రెండు నెలలు ఉపవాసముండాలి. చక్కెర వ్యాధికి రోజూ సూది వేసుకునే మా అబ్బా రంజాన్ ఉపవాసాలే ఉండలేకపోతున్నారు. అలాంటి మనిషి మెడకు ఆ భారం తగిలించే ప్రమాదం ఉందని తెలిసీ నేను మౌనంగా ఉంటే, అది ఏపాటి పితృభక్తి?

అయితే ఇంకోవైపు కూడా చూడాలి. మన ఇళ్లలో ఈ పని జరిగే తీరు ఒక్కోసారి చూడలేం. ఒకరోజు పొద్దున లేచేసరికి తాళంచెవి కనిపించదు. కారు అమ్మేశారని మనవడు చెబుతాడు. నిన్నటిదాకా అమ్మీని ఆసుపత్రికి తీసుకెళ్లిన మనిషి, ఇవాళ కొడుకు ఖాళీ కోసం కోడలిని అడగాల్సి వస్తుంది.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) దీని బరువును గుర్తించినవారు. బుద్ధి ఉన్న, స్వతంత్రుడైన పెద్దమనిషి తన ఆస్తిని తెలివితక్కువగా ఖర్చు పెట్టుకుంటున్నా సరే, అతని చేతులు కట్టేయకూడదన్నది ఆయన అభిప్రాయం. మనిషి నిర్ణయాధికారం లాక్కుంటే అతని మనిషితనాన్నే లాక్కున్నట్టు. పోయే డబ్బుకంటే అది పెద్ద నష్టం. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ ఈ విషయంలో ఆయనతో ఏకీభవించలేదు. కానీ అదే అబూ హనీఫా ముగ్గురిని మాత్రం ఆపాలన్నారు. ప్రజలకు దొంగదారులు నేర్పే ముఫ్తీని, వైద్యం రాని వైద్యుణ్ణి, బండికి పశువులు లేకుండానే ప్రయాణికుల దగ్గర బాడుగ తీసుకునేవాణ్ణి. ఒకడు ప్రజల ధర్మాన్ని, ఒకడు ప్రాణాన్ని, ఒకడు సొమ్మును పాడుచేస్తాడు. హాని అతనితో ఆగక జనం మీద పడుతుంది కాబట్టి ఆపాలి.

నాకు దారి చూపింది ఈ తేడాయే. అబ్బా తన డబ్బు ఎవరికిచ్చుకున్నా, ఏం తిన్నా, ఎవరితో మాట్లాడటం మానేసినా, అది ఆయన ఇష్టం. ముసలివాడన్న ఒక్క కారణంతో ఆయన మీద పెత్తనం చేసే హక్కు నాకు లేదు. స్టీరింగు మాత్రం ఆయన ఒక్కడిదే కాదు. ఆ వైద్యుణ్ణి కూడా వయసు చూసి ఆపమనలేదు, పని చేతకానందుకు ఆపమన్నారు. కనుక లెక్కించాల్సింది ఏళ్లను కాదు, కంటిని, మెడను, పాదాన్ని. అరవై ఏళ్ల కంటి లోపలికి ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే మూడోవంతు వెలుతురే చేరుతుంది. ఎదురు బండి లైటు పడ్డాక తేరుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. నీటికాసుల జబ్బులో ముందు పక్కచూపు పోతుంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది కాబట్టి మనిషికి అనుమానం రాదు. చక్కెర వ్యాధి ముదిరితే అరికాలికి స్పర్శ తగ్గుతుంది. పెడల్ మీద ఎంత నొక్కాడో కాలికే తెలియదు. ఇవన్నీ ఎనభైలో ఒకరికి ఉండకపోవచ్చు, యాభై అయిదులో ఇంకొకరికి ఉండవచ్చు. వీటిలో కొన్ని బాగయ్యేవి కూడా. 2018 ఆగస్టు 15న మన పక్కనే, తూప్రాన్ మండలం మల్కాపూర్‌లో ప్రారంభమైన 'కంటి వెలుగు' గుర్తుందా? శుక్లం తీయించుకుంటే చూపు తిరిగొచ్చే మనిషి చేత బండి మాన్పించడమూ అన్యాయమే.

ఒక శుక్రవారం, జుమా తర్వాత భోజనం చేసి కూర్చున్నప్పుడు విషయం ఎత్తాను. అందరి ముందు కాదు, అమ్మీ తప్ప ఎవరూ లేనప్పుడు. ముందు నా ఫారం సంగతి చెప్పాను, అబద్ధం రాశానని. అబ్బా చాలాసేపు ఏమీ అనలేదు.

"నీకు స్టీరింగ్ పట్టడం నేర్పింది నేను బేటా" అన్నారు చివరికి.

"అవును అబ్బా. అద్దంలో చూడకుండా బండి తిప్పితే చెవి మెలేసింది కూడా మీరే."

"నువ్వు ఫోన్ చెవికి ఆనించుకుని రాజీవ్ రహదారి మీద నడుపుతావు. మొన్న నీ పక్కన కూర్చుని చూశాను. నీ చాబీ ఎవరు తీసుకోవాలి?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. 2022లో ఈ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఆ సంఖ్యను తెల్లగడ్డాల మీద రుద్దితే అల్లాహ్ దగ్గర మనం దొరికిపోతాం. అతివేగం, ఫోను, తాగుడు వయసులో ఉన్నవారి జబ్బులు. పెద్దవారిది తగ్గిన శక్తి, మనది తగ్గిన భయం. ఏది పెద్ద నేరమో చెప్పనవసరం లేదు.

"పరీక్ష పెడతానంటే నాకూ పెట్టు, నీకూ పెట్టు" అన్నారు అబ్బా. ఒప్పుకున్నాను. న్యాయనిర్ణేత ఎవరన్నది తేలడానికి ఇంకో అరగంట పట్టింది. కొడుకు తీర్పు ఆయనకు వద్దు, ఆయన తీర్పు నాకు భయం. చివరికి ఆయన దగ్గర క్లీనర్‌గా పనిచేసి, తర్వాత డ్రైవరై, ఇప్పుడు సొంత బండ్లు పెట్టుకున్న ఒక పెద్దమనిషిని పిలిచాం. ఆయనంటే అబ్బాకు కొడుకుతో సమానం. కానీ కొడుకు కాదు. ఈ పనికి కావలసింది సరిగ్గా అలాంటి మనిషే అని నాకు తర్వాత అర్థమైంది.

టేపుతో 25 మీటర్లు కొలిచాం. కుడికన్నుతో అబ్బా నెంబరు ప్లేటు చదవడానికి సగం దూరం ముందుకు నడవాల్సి వచ్చింది. ఎడమకన్నుతో ప్లేటు ఉందని తెలిసింది, అంకెలు కనిపించలేదు. ఆయన ముఖం చూడలేక నేను నేల చూపులు చూశాను. బండి నడిపినప్పుడు మాత్రం ఆ ఊరి లోపలి సందుల్లో నాకంటే నిదానంగా, నాకంటే చక్కగా నడిపారు. నేను ఫోను మోగితే జేబు తడుముకున్నానని ఒక తప్పు పడింది.

రెండు కళ్లకూ శుక్లాలని తేలింది. ఆపరేషన్లు అయ్యాయి. మూడు నెలల తర్వాత అదే దూరం నుంచి రెండు కళ్లతోనూ చదివారు, పైగా పక్క బండి నెంబరు కూడా చదివి వినిపించారు. అప్పుడు ఆయనే మూడు షరతులు పెట్టుకున్నారు. మగ్రిబ్ దాటాక నడపరు. రాజీవ్ రహదారి ఎక్కరు. ఏటా షాబాన్ నెలలో, రంజాన్ రాకముందే, మళ్లీ ఈ పరీక్ష జరగాలి, ఇంట్లో లైసెన్సు ఉన్న ప్రతి ఒక్కరికీ.

ఇది అందరి ఇళ్లలోనూ ఇంత సాఫీగా సాగదని తెలుసు. ఆటో నడిపి ఇల్లు గడిపే పెద్దవారితో ఈ మాట అనేముందు, నెల ఖర్చు ఆయన చేతిలో పెట్టి అనాలి. తల్లిదండ్రులు లేనివారైతే వారి పోషణ సంతానం మీద విధి, దయ కాదు. జేబు నింపకుండా తాళంచెవి తీసుకోవడం పరీక్ష కాదు, దోపిడీ. మతిమరుపు జబ్బు ముదిరి, వద్దన్న సంగతే మరిచిపోయే పెద్దవారి దగ్గర షరతులు పనికిరావు. అక్కడ బండిని ఇంటి నుంచి తీసేయక తప్పదు. అప్పు రాసుకునే సందర్భంలో, చెప్పలేని బలహీనుడి తరఫున అతని సంరక్షకుడు న్యాయంగా చెప్పాలని అల్ బఖరా సూరా (282వ ఆయతు) అంటోంది. 'న్యాయంగా' అన్నమాట అక్కడ ఊరికే లేదు.

బండి ఆగిపోతే మనిషి ఆగిపోకూడదు కదా. ఇత్బాన్ బిన్ మాలిక్ (రజి) బద్ర్ యుద్ధంలో పాల్గొన్న అన్సారీ. తన జాతివారికి ఇమాముగా ఉండేవారు. చూపు మందగించాక, వాన పడితే మధ్యలోని వాగు దాటి మసీదుకు పోలేకపోతున్నానని దైవప్రవక్త (స)కు తానే వెళ్లి చెప్పుకున్నారు. చూపు తగ్గిందని నోటితో ఒప్పుకున్నారు చూడండి, అదే సగం పని. మీరు వచ్చి మా ఇంట్లో ఒక చోట నమాజు చేస్తే దాన్నే నా నమాజు స్థలం చేసుకుంటానని కోరారు. మరునాడు పొద్దెక్కాక దైవప్రవక్త (స), అబూ బక్ర్ (రజి)ను వెంటబెట్టుకుని వెళ్లారు. ఇంట్లో అడుగుపెట్టాక కూర్చోకముందే, ఎక్కడ చేయమంటారని అడిగారు. మక్కా విజయం రోజున అబూ బక్ర్ (రజి) చూపులేని తన ముసలి తండ్రి అబూ ఖుహాఫాను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినప్పుడు కూడా, పెద్దాయనను ఇంట్లోనే ఉంచితే నేనే వచ్చేవాణ్ణి కదా అన్నారు.

మా ఇంట్లో ఆ షాబాన్ పరీక్షలు రెండుసార్లు సజావుగా జరిగాయి. మూడోసారి కళ్లు బాగానే ఉన్నాయి. కానీ రివర్స్ తీసేటప్పుడు అబ్బా మెడ తిరగలేదు. వెనక నిలబడ్డ నా చిన్న కూతురిని ఆయన చూడలేదు. చేయి ఊపుతూ నిలబడమని దాన్ని అక్కడ పెట్టింది ఆ పెద్దమనిషే, అంటే అది కూడా పరీక్షలో భాగమే. కారు కదలకముందే ఆయన అరిచి ఆపించాడు. అబ్బా ఇంజిను ఆపి చాలాసేపు కారులోనే కూర్చుండిపోయారు. పిల్ల వెళ్లి కిటికీలోంచి లోపలికి తల పెట్టి "దాదా, నేను కనిపించలేదా?" అని అడిగింది. ఆయన తాళంచెవి తీసి దాని చేతిలో పెట్టారు, నా చేతిలో కాదు.

"జుమాకు మొదటి అజాన్ కంటే ముందే మసీదులో ఉండాలి నేను" అన్నారు నాతో. "ఫజ్ర్‌కు కూడా. ఇకపై లేచేది నువ్వు."

లేస్తున్నాను. మొన్నటి జుమాకు మాత్రం దుకాణంలో గిరాకీ ఉండి పది నిమిషాలు ఆలస్యమయ్యాను. ఇంటికొచ్చేసరికి ఆయన వుజూ చేసుకుని, టోపీ పెట్టుకుని, గుమ్మంలో నిలబడి ఉన్నారు.